రెండోసారి ఊదినప్పుడు

ఆరేళ్ల కిందట ఒక మధ్యాహ్నం నేను రెండు మాటల అబద్ధం చెప్పాను. అప్పటి నుంచి అది నాతోనే ఉంది. అన్నం కలుపుకుంటుంటే గుర్తొస్తుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే గుర్తొస్తుంది. ఎవరైనా నన్ను మంచి పిల్ల అంటే మరీ గుర్తొస్తుంది. అమ్మకు చెప్పలేదు. పెళ్లయ్యాక ఆయనకూ చాలాకాలం చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ ముందు నోరు విప్పగలుగుతున్నాను.

చాలాకాలం దీన్ని నాకు నేను ఇంకో రకంగా చెప్పుకున్నాను. నన్ను మోసం చేశారు అని. మేనేజరు నన్ను నమ్మించి వాడుకున్నాడు అని. అది అబద్ధం కాదు. కానీ ఆ గదిలో మోసపోయింది నేనొక్కదాన్నేనా? నాకంటే ముందు మోసపోయింది ఎవరు? ఆ మనిషిని మోసం చేసిన నోరు ఎవరిది? ఈ ప్రశ్న దగ్గరికి వచ్చిన ప్రతిసారీ లేచి ఏదో ఒక పని పెట్టుకునేదాన్ని. తోమిన గిన్నెలే మళ్లీ తోమేదాన్ని. ఇప్పుడు లేవను. కూర్చుని మొత్తం చెబుతాను.

మాది హిందూపురం. బీకాం అయ్యాక రెండేళ్లు ఖాళీగా ఉన్నాను. మా వీధి చివర రోజూ ఒక స్టాఫ్ బస్సు ఆగేది. పెనుకొండ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లను ఎక్కించుకుని పోయే బస్సు. దాని డ్రైవరు ఓబులేసన్న. మా నాయనకు పరిచయం. ఒకరోజు ఆయనే బస్సు ఆపి, "మా ఆఫీసులో సదువుకున్న పిల్ల కావాలంటాండారు. పాపను పంపించప్పా, నేను జాగ్రత్తగా పిల్చకపోయి పిల్చకొస్తా" అని నాయనతో చెప్పాడు. ఆ బస్సుల కంపెనీలో నాకు ఉద్యోగం వచ్చింది అట్లా. ఆయన మాట మీద. రోజూ ఆయన నడిపే బస్సులోనే పోయి వచ్చేదాన్ని. నేను రెండు నిమిషాలు ఆలస్యమైతే హారన్ కొట్టకుండా ఆగేవాడు.

ఉద్యోగం పేరు సేఫ్టీ అసిస్టెంట్. పెనుకొండ దగ్గర హైవే పక్కన మా బస్సుల యార్డు. డ్రైవర్లు యార్డు నుంచి షిఫ్టుకు బస్సు తీసే ముందు ఒక్కొక్కరే నా గదికి వచ్చి మిషన్‌లో ఊదాలి. తాగి ఉంటే అంకె వస్తుంది, లేకపోతే సున్నా. మిషన్ నుంచి వచ్చే చిన్న చీటీని రిజిస్టర్లో అంటించి, డ్రైవరు సంతకం, నా సంతకం అయ్యాకే బస్సు తాళం ఇవ్వాలి. మాకు కాంట్రాక్టు ఇచ్చిన ఫ్యాక్టరీ పెట్టిన నిబంధన అది. ఎవరికైనా అంకె వస్తే వెంటనే తాగినట్టు కాదు. నోరు పుక్కిలించాలి, ఇరవై నిమిషాలు ఆగాలి, కొత్త గొట్టంతో రెండోసారి ఊదాలి. రెండోసారి వచ్చిందే ఖాయం. ఆ కాగితం నా టేబుల్ అద్దం కిందే ఉండేది. నాకు కంఠతా వచ్చు. వచ్చు అని ఎందుకు చెబుతున్నానంటే, తెలియక చేశాను అని మీరు అనుకోకూడదు.

డ్రైవర్లకు ఊదడం అంటే చిరాకు. "మమ్మల్ని దొంగల్ని సూసినట్ల సూస్తాండారు" అని గొణిగేవాళ్లు. ఓబులేసన్న మాత్రం అందరికంటే ముందు వచ్చి నిలబడేవాడు. ఒకప్పుడు ఆయన బాగా తాగేవాడట. ఆ సంగతి ఆయనే దాచకుండా చెప్పుకునేవాడు. భార్య రామక్క విసిగిపోయి ధర్మవరంలో పుట్టింటికి వెళ్లిపోయిందట. మానేసి ఏడాది దాటాకగానీ తిరిగి రాలేదట. మానేసి అప్పటికి పదకొండేళ్లు. నెలకొకసారి, ఒకటో తారీఖున, "పాపా, ఇంకొక చీటీ తీసియ్యవా, మా ఆడామెకు సూపిస్తా" అని అడిగేవాడు. సున్నా ఉన్న చీటీని మడత పడకుండా చొక్కా జేబులో పెట్టుకునేవాడు. నేను నవ్వేదాన్ని. ఆ చీటీ ఆ ఇంట్లో ఏం పని చేస్తోందో నాకు అప్పుడు తెలియదు.

ఆయన స్నేహితుడు బాషా. అదే యార్డులో డ్రైవరు. ఇద్దరూ మధ్యాహ్నం వేపచెట్టు కింద కూర్చుని ఒక్క క్యారియర్లోనే తినేవాళ్లు. బాషా ఇంటి నుంచి పెద్ద బాటిల్లో మజ్జిగ తెచ్చేవాడు. అందులో సగం ఓబులేసన్నదే.

ఇక నా తప్పు మొదలైన చోటు.

ప్రతి డ్రైవరుకూ కొత్త ప్లాస్టిక్ గొట్టం పెట్టాలి. కొన్ని నెలలుగా గొట్టాలు రావడం ఆగిపోయింది. మా మేనేజరు ప్రభాకర్ సార్‌ను అడిగితే, "ఉన్నవాటినే తుడిచి వాడమ్మా" అన్నారు. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో స్పిరిట్ ఉండేది. దాంతో దూదిని తడిపి గొట్టం తుడిచి, ఆరబెట్టి వాడేదాన్ని. స్పిరిట్ ఆరకపోతే మిషన్ దాన్ని మందు అనుకుంటుంది. అదీ నాకు తెలుసు. ఒకసారి తడి గొట్టంతో నేనే ఊది చూశాను, అంకె వచ్చింది. ఆ అంకె చూసి భయపడి, అప్పటి నుంచి గొట్టాలను కిటికీలో వరుసగా పెట్టి ఎండ తగిలాకే వాడేదాన్ని.

ఆ వారం ఫ్యాక్టరీ తరఫున ఆడిటర్లు బెంగళూరు నుంచి వచ్చారు. నా రిజిస్టర్ తిప్పి చూశారు. పేజీల నిండా సున్నాలు. అందులో ఒకాయన నా వైపు చూసి, "ఇన్ని నెలల్లో ఒక్క డ్రైవరు కూడా దొరకలేదా? వీళ్లు నిజంగా ఊదుతున్నారా, మీరే కూర్చుని రాస్తున్నారా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ సున్నాలన్నీ నిజమే. శుక్రవారం మళ్లీ వస్తామని చెప్పి వెళ్లారు. కాంట్రాక్టు పొడిగించే సమయం అది. ప్రభాకర్ సార్ రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

గురువారం మధ్యాహ్నం, రెండో షిఫ్టు ముందు, డ్రైవర్లంతా ఒక్కసారే వచ్చారు. నేను రిజిస్టర్లు సర్దుతూ గొట్టాలు ఆరబెట్టడం మరిచిపోయాను. ఒకటి తీసి, స్పిరిట్ దూదితో ఒక్క తుడుపు తుడిచి, మిషన్‌కు పెట్టేశాను. ఎప్పటిలాగే ఓబులేసన్న ముందున్నాడు. ఊదాడు. అంకె వచ్చింది.

ఆయనకు మొదట నవ్వొచ్చింది. "మీ మిషన్‌కు వడదెబ్బ తగిలినట్లుండాదే పాపా" అన్నాడు. వెనక ఉన్నవాళ్లు కూడా నవ్వారు. నా వేళ్లకు స్పిరిట్ వాసన వస్తోంది. నేను నోరు తెరవబోయాను. అప్పుడే, రిజిస్టర్ల కోసం వచ్చి నా వెనక నిలబడి ఉన్న ప్రభాకర్ సార్ చెయ్యి చాపి చీటీ తీసుకున్నారు. దాన్ని చాలాసేపు చూశారు. మిగతా డ్రైవర్లను బయట ఉండమన్నారు. ఓబులేసన్నను నోరు పుక్కిలించుకుని ఇరవై నిమిషాలు ఆగి రమ్మన్నారు. అంతా పద్ధతి ప్రకారమే.

తలుపు వేసుకున్నాక నేను చెప్పాను. "సార్, గొట్టం తడిగా ఉంది. నా తప్పు" అని. ఇంతవరకూ నేను చెప్పింది నిజమే, అక్కడ ఆగి ఉంటే బాగుండేది.

"తెలుసమ్మా" అన్నారాయన. "నువ్వు తుడవడం నేనూ చూశాను. కానీ ఈ చీటీ మనకు దేవుడిచ్చినట్టు దొరికింది. ఒక్క కేసు చూపిస్తే చాలు, రేపు ఆడిటర్లు నోరు మూస్తారు. అందులోనూ ఓబులేసు. వేరేవాడైతే ఎవరూ నమ్మరు. ఈయనైతే అందరూ నమ్ముతారు."

ఈయనైతే అందరూ నమ్ముతారు. ఆ మాట వెనక ఏముందో నాకు వెంటనే అర్థమైంది. అయినా నేను అడిగింది ఏమిటో తెలుసా? "మరి ఆయన ఉద్యోగం సార్?" అని. అంటే అప్పటికే లోపల సగం ఒప్పుకున్నానన్న మాటేగా? రెండు నెలలు ఇంట్లో ఉంటాడని, ఆడిట్ గొడవ సద్దుమణిగాక లోకల్ ట్రిప్పుల మీద మళ్లీ తీసుకుంటానని, తన మాట నమ్మమని చెప్పారు. తర్వాత గొంతు మార్చకుండానే, "లేదంటే తడి గొట్టం ఎవరు పెట్టారో కూడా రాయాలి కదమ్మా. నెలల తరబడి పాత గొట్టాలు వాడింది ఎవరు అని అడుగుతారు. సంతకాలన్నీ నీవే" అన్నారు.

ఆడిట్ కోసం దాచిన కొత్త గొట్టాల ప్యాకెట్టు నా డ్రాయర్లో ఉంది. ఓబులేసన్న తిరిగి వచ్చాక అందులోంచి ఒకటి తీసి పెట్టాను. ఆయన ఊదాడు. గట్టిగా, పొడుగ్గా, ఎప్పుడూ ఊదేదానికంటే ఎక్కువసేపు. నేను మిషన్‌ను నా వైపు తిప్పుకుని చూశాను.

సున్నా.

"ఎంతొచ్చె పాపా?"

"అంతే వచ్చింది ఓబులేసూ, మార్పు లేదు" అన్నారు ప్రభాకర్ సార్.

"మీరుండండి సార్. పాపను చెప్పనీండి." ఆయన నా ముఖంలోకే చూస్తున్నాడు. "నువ్వు చెప్పు పాపా. నువ్వు చెప్తే నమ్ముతా."

"అంతే వచ్చిందన్నా."

ఆయన అరుస్తాడనుకున్నాను. చీటీ చూపించు అంటాడనుకున్నాను. అడిగి ఉంటే ఇచ్చేసేదాన్నేమో. ఏమో, ఇది కూడా నన్ను నేను మంచిదాన్ని చేసుకోవడానికి చెప్పుకునే మాటేనేమో. ఆయన అడగలేదు. నమ్మాడు. నేను చెప్పాను కాబట్టి నమ్మాడు. స్టూలు మీద కూర్చుని తనలో తాను లెక్కేసుకోవడం మొదలుపెట్టాడు.

"అట్లయితే నాకు తెలీకుండానే నోట్లోకి ఏదో పోయింటాది. పొద్దున ఇంట్లో సంగటి తింటి. ఈడికొచ్చినాక బాషా ఇచ్చిన మజ్జిగ తాగితి. అంతే పాపా, ఇంకేం లేదు."

"అయితే ఆ మజ్జిగలో ఏముందో బాషాకే తెలియాలి" అన్నారు ప్రభాకర్ సార్.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. ఆ ఒక్క క్షణంలో ఇంకొక మనిషిని కూడా గుంతలోకి తోస్తున్నామని నాకు అర్థమైంది. నేను తల వంచుకుని రిజిస్టర్లో మొదటి చీటీ అంటించి, రెండోసారీ అదే అంకె అని పక్కన రాశాను. ఆయన సంతకం పెట్టాడు. నేను కింద సంతకం పెట్టాను. రెండో చీటీని నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానో అప్పుడు నాకే తెలియదు.

ఆ సాయంత్రం హిందూపురం బస్సు వేరే డ్రైవరు నడిపాడు. ఓబులేసన్న ప్రయాణికుల సీట్లో, చివరి వరుసలో కూర్చున్నాడు. దిగేటప్పుడు నాతో, "నీకు ఇబ్బందాయ గదా పాపా నా వల్ల" అన్నాడు.

మరుసటి రోజు ఆడిటర్లు సంతోషంగా వెళ్లారు. ఓబులేసన్న ఫోటో, పేరు, నా సంతకంతో ఉన్న చీటీ నకలు, "విధుల నుంచి తొలగింపు" అని రాసిన కాగితం యార్డు గోడ మీదికెక్కింది. డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులోకీ ఎక్కింది. నెల తర్వాత భద్రతా వారోత్సవంలో నాకు సర్టిఫికెట్ ఇచ్చారు. నిష్పక్షపాతంగా పని చేసినందుకు అని చదివారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను వెళ్లి తీసుకున్నాను. నవ్వుతూ ఫోటో కూడా దిగాను.

రెండు నెలలు అయ్యాయి, మూడు అయ్యాయి. ప్రభాకర్ సార్ దగ్గరికి పోయి, "ఓబులేసన్నను ఎప్పుడు పిలుస్తారు సార్?" అని అడిగాను. ఆయన ఫైలు నుంచి తల ఎత్తకుండా, "తాగి దొరికినవాణ్ని ఎట్లా తీసుకుంటామమ్మా?" అన్నారు. నాకు మొదట అర్థం కాలేదు. "మీరు మాట ఇచ్చారు సార్" అన్నాను. అప్పుడు తల ఎత్తారు. "ఏ మాట? కాగితం మీద ఉన్న సంతకం నీది. నాది ఎక్కడుంది చూపించు."

నిజమే. ఎక్కడా లేదు. ఆ రోజంతా యార్డు బాత్రూంలో ఏడ్చాను. ఎంత దారుణంగా మోసపోయాను అని ఏడ్చాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ ఏడుపులో ఓబులేసన్న ఎంత ఉన్నాడు? నన్ను మోసం చేశారన్న కోపం నాకు చాలా ఆసరాగా ఉండేది. ఆ కోపం ఉన్నంతకాలం నేను చేసినదాన్ని చూడక్కర్లేదు.

బాషాను తోటి డ్రైవర్లు వదల్లేదు. "ఈరోజు మజ్జిగలో ఏం కలుపుకొచ్చినావప్పా?" అని పొద్దున్నే ఎదురొచ్చేవాళ్లు. ఓబులేసన్న హిందూపురం బజార్లో, అందరి ముందు, బాషాను నిలబెట్టి తిట్టాడని విన్నాను. కొన్నాళ్లకు బాషా ఉద్యోగం మానేశాడు. ఆ తర్వాత నేనూ మానేశాను. ఓబులేసన్న వాళ్లు ధర్మవరం వెళ్లిపోయారని నాయన చెప్పాడు. నాకు పెళ్లయింది. హిందూపురంలోనే ఒక స్కూలు ఆఫీసులో చేరాను. ఒకరోజు పాత కాగితాలు సర్దుతూ రెండో చీటీ తీసి చూశాను. ఆ రకం కాగితం మీద అచ్చు నిలవదు. తెల్లగా ఉంది. అంకె లేదు, తేదీ లేదు. ఇక చెప్పినా సాక్ష్యం లేదు కదా అని నాకు లోపల ఒక రకమైన నిమ్మళం కలిగింది. అంత నీచంగా ఉండింది నా మనసు.

ఈ ఏడాది మా ఆడబిడ్డ పెళ్లికి పట్టుచీర కొనడానికి ధర్మవరం పోయాను. అంగడి నుంచి బయటికి వస్తుంటే మోపెడ్ మీద రంగు వేసిన పట్టునూలు మూటలు పెట్టుకుని ఒకాయన ఆగాడు. జుట్టంతా నెరిసింది. "పాపా! హిందూపురం పాపవు గదా నువ్వు?" అన్నాడు. ముఖమంతా నవ్వు. నాయన ఎట్లున్నాడు, పెళ్లయిందా, ఎందరు పిల్లలు. ఒక్కొక్కటే అడిగాడు. ఇప్పుడు రంగులద్దే చోటు నుంచి మగ్గాల ఇళ్లకు నూలు చేరవేస్తున్నాడట. ఇల్లు దగ్గరే, వచ్చి నీళ్లు తాగి పొమ్మన్నాడు. వద్దనలేకపోయాను.

గడప దగ్గర ఆయన ఆగిపోయాడు. చెప్పులు కూడా విడవలేదు. లోపలి నుంచి రామక్క వచ్చింది. దగ్గరగా నిలబడి ముఖం పైకెత్తింది. ఆయన నోరు తెరిచి ఆమె ముఖం మీదికి ఊపిరి వదిలాడు. ఆమె ఒక క్షణం ఆగి పక్కకు జరిగింది. అప్పుడు ఆయన లోపలికి వచ్చాడు. ఇద్దరికీ అది చెప్పులు విడవడం లాంటి పని అయిపోయింది. నన్ను చూసి రామక్క, "ఏమీ అనుకోవద్దు పాపా. ఈయప్ప కత నీకు తెలిసిందే గదా" అంది.

నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆమె మజ్జిగ ఇచ్చింది. ఆయన బయట ఎక్కడా నీళ్లు కూడా ముట్టడట. దగ్గు వస్తే మందు వేసుకోడట. "యాడ ఏం కలిసింటాదో ఎట్ల తెలుస్తాది పాపా" అన్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "బాషా అట్లెందుకు జేసినాడో ఇప్పటికీ తెలీదు. వానికి నేనేం అన్యాయం జేసింటి?"

నేను మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, బస్సుకు టైమైందని చెప్పి వచ్చేశాను. అవును. ఇదంతా చూసి, విని, నోరు మూసుకుని వచ్చేశాను.

పదకొండు రోజులు అన్నం సయించలేదు. పన్నెండో రోజు స్కూలుకు సెలవు పెట్టి మళ్లీ ధర్మవరం పోయాను. రామక్క ఒక్కతే ఉంది. రాట్నం ముందు కూర్చుని కండెలకు పట్టునూలు చుడుతోంది. నన్ను చూసి, "ఏమి పాపా, చీరేమన్నా బాగలేదా?" అంది. నేను కింద కూర్చుని, ఎక్కడా ఆగకుండా చెప్పేశాను. ఆగితే లేచిపోతానని భయం. తడి గొట్టం, మేనేజరు, కొత్త గొట్టం, సున్నా.

చెప్తున్నంతసేపూ రాట్నం తిరుగుతూనే ఉంది. సున్నా అన్నాక ఆగింది.

"సున్నా అంటే?"

"తాగలేదని, అక్కా."

"అది నీకు ఆ పొద్దే తెలుసా?"

"తెలుసు."

ఆమె తన చేతులవైపు చూసుకుంది. వేళ్లకు ఎర్ర రంగు అంటుకుని ఉంది. "నెలనెలా చీటీ తెస్తాండె" అంది. "నేను ఎప్పుడూ అడగలే. ఆయప్పే తెస్తాండె. పదకొండేండ్లు సూసి సూసి నమ్మితి. ఆ పొద్దు ఫోన్లో నీ సంతకం సూసినాక నమ్మకం పాయె. ఆరేండ్లు దినామూ ఆయప్ప నోరు వాసన జూస్తి. మా అన్నోళ్ల ముందర జూస్తి. పెండ్లిండ్లకాడ జూస్తి. ఒక్క పొద్దు గూడా ఎదురు చెప్పలే." నా వైపు తిరిగింది. "ఆయప్ప పని తీసేయించినావు, అది మీ కంపెనీ పాపం. నాచేత ఈ పని ఎందుకు జేయిస్తివే? నేను నీకేం జేసింటి?"

నేను ఒక మనిషికి అన్యాయం చేశాననుకుంటూ ఆరేళ్లు గడిపాను. ఆ అన్యాయాన్ని మిగతావాళ్ల చేతులతో రోజూ చేయిస్తూ వచ్చానని నాకు ఆ రోజు దాకా తట్టలేదు.

మోపెడ్ శబ్దం వినిపించింది. ఓబులేసన్న వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. ఎదురు చూస్తున్నాడు. రామక్క లేవలేదు. "ఏమే, రా" అన్నాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ లోపలి గదిలోకి పోయింది. ఆయన నన్ను చూశాడు. నేను లేచి నిలబడి, ఆయనకూ చెప్పాను. ఈసారి చాలా తక్కువ మాటల్లో. "రెండోసారి సున్నా వచ్చిందన్నా. నేను అబద్ధం చెప్పాను. మజ్జిగలో ఏమీ లేదు."

ఆయన గడప మీదే కూర్చుండిపోయాడు. తన ఉద్యోగం గురించి అడుగుతాడనుకున్నాను. పరువు గురించి, ఆరేళ్ల గురించి అడుగుతాడనుకున్నాను.

"బాషా" అన్నాడు. అంతే. చెప్పులు విడిచి పక్కన పెట్టి, "నడి బజార్లో తిట్టింటి వాన్ని. వాళ్లమ్మను గూడా తిట్టింటి" అన్నాడు. నా వైపు చూడలేదు. "నువ్వు చెప్తివని నమ్మితి గదా పాపా" అన్నాడు. అందులో కోపం లేదు. కోపం ఉంటే పట్టుకోవడానికి నాకేదైనా దొరికేది.

నేను కాళ్లు పట్టుకోబోతే వెనక్కి లాక్కున్నాడు. "అట్లాంటివి వద్దు. బాషాకు చెప్పు పో. నేను యా మొగం పెట్టుకొని పోయేది?" అన్నాడు.

మరుసటి ఆదివారం హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌కు పోయాను. బాషా అక్కడ గూడ్స్ ఆటో నడుపుతున్నాడని కనుక్కున్నాను. గూళ్ల ట్రేలు దించుతున్నాడు. నన్ను వెంటనే గుర్తుపట్టలేదు. ఎవరో చెప్పాను. ఎందుకు వచ్చానో చెప్పాను. చేతిలోని ట్రే కింద పెట్టకుండానే మొత్తం విన్నాడు.

"నేను మందు బాటిల్ చేత్తో తాకినోన్ని కాదమ్మా" అన్నాడు చివరికి. "మా ఇంట్లో ఎవరూ తాకలే. ఆరేండ్లుగా నేను మందు కలిపినోన్ని. మా అమ్మ పోయేటప్పుడు గూడా అడిగె, నిజంగా కలిపినావారా అని."

నేను ఏడుస్తున్నాను. ఆయన నా ఏడుపు పట్టించుకోలేదు. ట్రే దించి, చేతులు తుడుచుకుని, జేబులోంచి ఫోన్ తీశాడు. పాత డ్రైవర్ల గ్రూపు ఇంకా ఉందట. అందులో వాళ్లందరూ ఉన్నారట. ప్రభాకర్ సార్ కూడా.

"ఇప్పుడు మళ్లీ చెప్పు. మొదట్నించీ చెప్పు. నీ పేరుతో మొదలుపెట్టు."

ఫోన్ నా నోటి దగ్గర పెట్టాడు. చుట్టూ గూళ్లు తూకం వేసేవాళ్ల కేకలు. నేను నా పేరు చెప్పాను. మా నాయన పేరు చెప్పాను. ఊరు చెప్పాను. ఆ రోజు ఏం చేశానో చెప్పాను. నేను ఆగిన చోట ఆయన ఓపికగా ఆగాడు, కానీ ఫోన్ తియ్యలేదు. అయిపోయాక ఒకసారి విని చూసుకుని, గ్రూపులో పెట్టాడు.

"ఓబులేసు ఎందుకు రాలే?" అని అడిగాడు.

"ఏ మొగం పెట్టుకుని రావాలి అన్నాడు."

బాషా నన్ను క్షమించానని అనలేదు, పొమ్మని కూడా అనలేదు. మిగిలిన ట్రేలు దించడానికి వెళ్లాడు. ఆయన ఫోన్ ఆటో సీటు మీద వరుసగా మోగుతోంది. నేను కాసేపు నిలబడి, ఇంటికి నడిచి వచ్చి, మా ఆయనను కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఆ రోజు కడుపు నిండా అన్నం తిన్నాను. తిన్నందుకు సిగ్గుపడ్డాను కూడా.

వాళ్లిద్దరూ కలుసుకున్నారో లేదో నాకు తెలియదు. అడిగే హక్కు నాకు లేదు. రామక్క ఇప్పుడు గడప దగ్గరికి వస్తోందో లేదో అదీ తెలియదు. ఇక్కడ మీ ముందు నా పేరు రాయడానికి ధైర్యం చాలలేదు. ఆ ఫోన్లో మాత్రం ఉంది. నా గొంతుతో ఉంది.